మూసీ పుట్టినచోట గోదావరి కథ

వికారాబాదు దాటి అనంతగిరి యెక్కినవారికి మూసీనది యెంత సన్నని నీటిచాలుగా మొదలగునో తెలియును. పెద్దలు దానిని ముచుకుంద యని పిలిచి, ఆ పేరిటి రాజర్షి కథ చెప్పి, తుదకది వాడపల్లి యొద్ద కృష్ణలో గలియునని ముగింతురు. తెలుగున తొలినాటి నవలయైన రాజశేఖర చరిత్రము సైతము నదీవర్ణనముతోనే మొదలగును. 1878లో కందుకూరి వీరేశలింగము తన వివేకవర్ధనిలో ప్రకటింప నారంభించిన యాకథలో గోదావరిని, ధవళేశ్వరమును దర్శించిన పిమ్మటగాని మనుష్యులతో పరిచయము కలుగదు. అంతటి యోపిక యీకాలపు బాలురకు లేదని పలువు రందురు. నాకా మాటయందు నమ్మకము లేదు. బంగారము చేసి యిత్తునని వచ్చిన దొంగయోగి రాజశేఖరుని సొమ్ముతో మాయమగు ఘట్టమునకు చేరిన పిల్లవాడు దీప మార్పుమన్న తల్లిమాట వినునా?

మన ప్రాంతమున తెలుగు నవలల పఠనమునకు వేరొక చరిత్ర కలదు. నైజాము రాజ్యమున బడిలో చదువు ఉర్దూ, కచ్చేరీలో కాగితము ఉర్దూ. తాండూరు బజారున దానికి తోడు కన్నడము. తెలుగు ఇంటిమాటలో, పొలముపాటలో, వీధిభాగవతములో బ్రదికి యుండెను గాని, అచ్చు పుస్తకమై పిల్లవాని చేతి కందుట యరుదు. ఆ కొరత దీర్చుటకే 1901 సెప్టెంబరు 1న హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. శాస్త్రమును, చరిత్రమును దేశభాషలో ముద్రించుట వారి సంకల్పము. ఐనను చరిత్రమును రుచి చూపుటకు కథ కావలెనని వా రెరుగుదురు గనుక, చారిత్రక నవలలకు పోటీలు పెట్టి భోగరాజు నారాయణమూర్తి విమలాదేవి వంటి వానిని వెలయించిరి.

కేతవరపు వేంకటశాస్త్రి రాయచూరు యుద్ధము కూడ నా మండలి గ్రంథమాలలోనిదే. 1520లో కృష్ణదేవరాయలు ఆదిల్‌షాహీ సేనను గెలిచిన యా కోట, మన బాలునకు దూరదేశము గాదు: వికారాబాదులో రైలెక్కి తాండూరు మీదుగా వాడికి బోయి, అచట బండి మారినచో రాయచూరు స్టేషను వచ్చును. బడిలో వినని యుద్ధము తన రైలుదారిలోనే జరిగినదని తెలిసిన కుఱ్ఱనికి అరసున్నలు, సంధులు, దీర్ఘసమాసములు అడ్డమగునా! అర్థముగాని పదమును వాడు దాటి పోవును. నాలుగవమారు కనబడునప్పటికి దాని యర్థము తనంతట తానే వచ్చును. చదువురాక బడిపెట్టిన చిలకమర్తివారి నవలలోని గణపతిని చూచి నవ్వుటకైతే నిఘంటువుతో పనియే లేదు. పిల్లల కొఱకని భాషను నమిలి మెత్తచేసి పెట్టువారు ఈ సంగతి గమనింపకుండుట వింత.

పుస్తకము దొరకుటయే వాస్తవముగా కష్టము. వట్టికోట ఆళ్వారుస్వామి ఒరుల యిండ్ల వంటచేసి చదువు సంపాదించినవాడు; 1938లో దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పి, పుస్తకములను గంపకెత్తి యూరూర దిరిగి యమ్మెను. ఆయన ప్రజల మనిషి నవల 1955లో వెలువడినది. తెలంగాణ పల్లెబ్రదుకునే నవలగా చదువుకొను భాగ్యము తరువాతి బాలురకు దానివలన గలిగెను.

ఇట్టి పాత నవల మీ యింటి యటుక మీద నున్నయెడల, దయచేసి తూకమునకు వేయకుడు. దగ్గరి గ్రంథాలయమున కిండు. ఇచ్చునప్పుడు దానిని తాళము వేసిన బీరువాలో గాక, పిల్లల చేయి యందునంత యెత్తుననే యుంచుమని గ్రంథపాలకునితో ఒక్కమాట చెప్పి రండు.