పద్యనాటకంలో హార్మోనియం

జపాన్‌లో 17వ శతాబ్ది ఆరంభాన క్యోటోలో పుట్టిన కబుకి అనే నృత్యనాటకం 2016లో కంప్యూటర్ గాయని హత్సునే మికుతో వేదిక పంచుకున్నప్పుడు అదొక సాహసంగా పేరు పొందింది గాని, పాత రంగస్థలానికి కొత్త యంత్రధ్వనిని జోడించడం కృష్ణా డెల్టా అంతకు సుమారు నూరేళ్ల క్రితమే చేసిన పని.

అంతకు ముందు కూచిపూడి భాగవతులు తెల్లవార్లూ ఆడే ఆటకు మృదంగం, తాళాలు, కాగడాలు చాలేవి; పాత్ర ప్రవేశించే వేళ కాగడాపై గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించడమే ఆనాటి దీపాలంకరణ. ఫ్రాన్స్‌లో 1842లో పేటెంటు పొందిన హార్మోనియం కలకత్తాలో చేతితో తిత్తి ఊదే పెట్టెగా మారి, సంచార నాటక సమాజాల వెంట తెలుగు నేలకు చేరాక పద్యం స్వభావమే మారిపోయింది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం దాటి ఉత్తరంగా వెళితే వచ్చే మైలవరంలో, జమీందారు పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం ఈ మార్పుకు కేంద్రాలలో ఒకటి. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు అక్కడ పేరు తెచ్చుకోగా, హార్మోనిస్టు పాపట్ల కాంతయ్య కట్టిన వరుసలు, అంటే పాటకు కూర్చిన బాణీలు, ఆ సమాజాన్ని దాటి ఊరూరా వ్యాపించాయి.

హార్మోనియం మెట్లు స్థిరమైనవి కనుక స్వరాన్ని కదిలించి పలికించే గమకం దానికి లొంగదు. ఆ కారణం చూపే ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి సుమారు మూడు దశాబ్దాలు దూరంగా ఉంచింది. 1948లో మొదలైన విజయవాడ కేంద్రానికీ అదే కట్టడి వర్తించినా, ఊళ్లలో నాటకం ఆ తీర్పును ఖాతరు చేయలేదు, చేసి ఉంటే నిలిచేదీ కాదు. మైకు లేని కాలంలో చివరి వరుస ప్రేక్షకుడికి పద్యం చేరాలంటే ఎత్తైన శ్రుతి, దానిని వదలక మోసే బిగ్గరైన వాద్యం అవసరమయ్యాయి. పద్యం చివర సుదీర్ఘమైన రాగాలాపన ఆ జంట నుంచే బలపడింది. కాంట్రాక్టు నాటకాలలో, అంటే గుత్తేదారు వేర్వేరు సమాజాల నటులను ఒక్క రాత్రికి కుదిర్చే ప్రదర్శనలలో, తిరుపతి వేంకట కవుల నాటకంలోని కృష్ణుణ్ణి ఇద్దరు ముగ్గురు నటులు పంచుకునేవారు. ‘వన్స్‌మోర్’ కేకలకు పద్యం మళ్లీ ఎత్తుకోవడంతో కథ వెనుకబడి రాత్రి గానపు పోటీగా మారేది. కథకు అది నష్టమే, అయినా జనం టిక్కెట్టు కొన్నది ఆ పోటీ కోసమే.

మైకు వచ్చి గొంతుకు ఆ శ్రమ తప్పించినా ఆలాపన మాత్రం తగ్గలేదు. ఇప్పుడు హార్మోనియం పక్కన కీబోర్డు, ఎలక్ట్రానిక్ ప్యాడ్లు చేరాయి. ఒకనాడు పరాయి పెట్టెగా వచ్చిన హార్మోనియాన్నే నేటి పద్యనాటకాభిమానులు సంప్రదాయం పేరిట వాటి నుంచి కాపాడాలంటున్నారు.