చేతితో మడిచిన శుభాకాంక్ష

ఏటేటా సెప్టెంబరు 5వ తేదీన మన పాఠశాలలలో ఒక ముచ్చట జరుగుతూ ఉంటుంది. పిల్లలు దళసరి కాగితాన్ని నడుమకు మడిచి, పై పుటమీద పువ్వునో దీపాన్నో చిత్రించి, లోపల నాలుగు మాటలు వ్రాసి, ఉపాధ్యాయుని చేతికి అందించి నమస్కరిస్తారు. చూడడానికి ఇది బాలల వినోదం. కాని విద్య చెప్పినవారికి విద్య నేర్చినవాడు ఏమి ఇవ్వవలెను అన్న పాత ప్రశ్న ఒకటి ఆ మడతలో దాగి ఉన్నది. ఆ ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పినది.

మన వీధిబడులనే మొదట తలచుకొందాము. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ తామస్ మన్రో 1822లో రాజధానిలోని బడుల లెక్క తీయించినాడు. 1826లో ఆయన సమర్పించిన నివేదిక ప్రకారం మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉండిరి. మన కోస్తా జిల్లాలు, దత్తమండలాలు ఆ లెక్కలో చేరినవే. ఉపాధ్యాయులు సామాన్యంగా నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించడం లేదనీ, ఆ మాత్రపు రాబడికి తగిన యోగ్యులు ఈ వృత్తికి రారనీ మన్రో అందులోనే వ్రాసినాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించి, ఎక్కాలు వల్లె వేయించి, పద్యాలు కంఠస్థం చేయించిన పంతులుగారి బ్రతుకు ఆ ఆరేడు రూపాయలమీదనే నడిచినది.

ఆ లోటును కొంత పూడ్చినది దసరా పండుగ. పంతులుగారు ముందు నడువగా, పిల్లలు కొత్తబట్టలు కట్టి, అలంకరించిన విల్లంబులు చేతబట్టి, దసరా పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. అయ్యవారికి వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇమ్మని ఆ పాటలోనే అడుగుట ఉన్నది. పెద్దలు నేటికీ ఆ పాటను ఆప్యాయంగా స్మరిస్తారు. అందులో అందమున్నమాట నిజమే. కాని అంత గౌరవనీయుడైన గురువు శిష్యుల గొంతుతో గృహస్థుల వాకిట అడుగవలసి వచ్చినదన్నమాట కూడ నిజమే. ఆ పండుగలో భక్తి ఎంతో, అవసరం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఇక కాగితపు మడత సంగతి. మన పూర్వులు గంటంతో వ్రాసిన తాటాకు కమ్మను చుట్టవచ్చునుగాని, నడుమకు మడిస్తే విరిగిపోతుంది. అందుచేత వ్రాత మడత లోపల దాగడం కాగితంతో వచ్చిన సౌకర్యం. నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖ మన ఇండ్లకు చిరపరిచితం. శుభవార్తను కాగితంమీద అలంకరించి పంపే మర్యాద మనకు కొత్తది కాదు. అయితే నేడు మన పిల్లలు చేసే మడత పత్రం రూపురేఖలు దిద్దుకొన్నది పడమటి దేశాలలో.

బ్రిటనులో 1840కి ముందు ఉత్తరానికి తపాలా కూలి దూరాన్నిబట్టి, కాగితాల సంఖ్యనుబట్టి ఉండేది. కవరు పెడితే అది మరొక కాగితం క్రింద లెక్క. కనుక వ్రాసిన కాగితాన్నే మడిచి, లక్కముద్ర వేసి, దానిమీదనే చిరునామా వ్రాసి పంపేవారు. 1840లో రోలండ్ హిల్ సంస్కరణల ఫలితంగా దేశంలో ఎక్కడికైనా తేలిక ఉత్తరానికి ఒక్క పెన్నీ చాలునన్న ఏర్పాటు వచ్చినది. ఆ ఏర్పాటును నెలకొల్పడంలో పాలుపంచుకొన్న హెన్రీ కోల్, తన మిత్రులందరికీ విడివిడిగా ఉత్తరాలు వ్రాసే తీరిక లేక, 1843లో జాన్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత ఒక క్రిస్మస్ పత్రం వేయించినాడు. రాతి అచ్చు వేసి, రంగులు చేతితో పూయించి, మిగిలినవాటిని ఒక్కొక్క షిల్లింగుకు అమ్మించినాడు. అది మడత లేని ఒంటి అట్ట. ఒక షిల్లింగు అంటే పన్నెండు పెన్నీలు. పత్రం వెలతో పన్నెండు ఉత్తరాలు పంపవచ్చునన్నమాట!

కోల్ పత్రానికి ముందే ఇంగ్లండులో మరొక ఆచారం ఉండేది. సెలవులకు ఇంటికి వెళ్ళే బడిపిల్లలు, అంచుల చుట్టూ బొమ్మలు అచ్చువేసిన పెద్ద కాగితం కొని, నడుమ ఖాళీలో తమ శక్తికొలది ముత్యాలవంటి అక్షరాలు వ్రాసి, తల్లిదండ్రులకు చూపేవారు. దానికి 'క్రిస్మస్ పీసు' అని పేరు. బడిలో ఏమి నేర్చితిమో ఆ కాగితమే చెప్పేది. నేడు మన పిల్లవాడు గురువుకు ఇచ్చే పత్రానికి, కోల్ పత్రం కంటె ఇదే దగ్గరి చుట్టమని నా అభిప్రాయం. కోల్ పత్రం వ్రాసే శ్రమను తప్పించడానికి పుట్టినది. ఈ పత్రం వ్రాసే శ్రమను చూపడానికి పుట్టినది.

తరువాతి కథ వ్యాపారానిది. అమెరికాలో వూస్టర్ నగరవాసి ఎస్తర్ హౌలండ్ అనే యువతి 1840ల చివర జాలరు కాగితంతో ప్రేమలేఖా పత్రాలు కూర్చి అమ్మసాగినది. పని పెరిగిన కొద్దీ స్నేహితురాండ్రను బల్ల చుట్టూ కూర్చుండబెట్టి, ఒకరు బొమ్మ కత్తిరిస్తే మరొకరు అతికే పద్ధతి పెట్టినది. బోస్టనులో లూయీ ప్రాంగ్ అనే ముద్రాపకుడు 1870లలో అనేక రంగుల రాతి అచ్చుతో క్రిస్మస్ పత్రాలు ముద్రించినాడు. బడిపిల్లలకు చిత్రలేఖన పుస్తకాలు అచ్చువేసినవాడు కూడ ఆయనే. ఇరవయ్యవ శతాబ్దంలో యంత్రమే ముద్రించి, యంత్రమే మడిచి, లోపలి మాటలు కూడ ఎవరో వ్రాసి పెట్టిన పత్రాలు అంగళ్ళ నిండా వచ్చినవి. కొన్నవాడు చేయవలసినది సంతకం మాత్రమే. ఇప్పుడు సెల్‌ఫోనులో వచ్చే శుభాకాంక్షకు ఆ సంతకం కూడ అక్కరలేదు.

అచ్చుయంత్రాలు ఇట్లు పత్రాన్ని చేతినుండి తప్పించుతున్న ఆ శతాబ్దంలోనే, విద్యావేత్తలు కాగితాన్ని తిరిగి పిల్లల చేతిలో పెట్టినారు. జర్మనీలో 1837లో బాలవిద్యాలయం స్థాపించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టిన ఫ్రోబెల్, కాగితం మడవడాన్ని పాఠంగా చేసినాడు. ఆ పాఠం మన వైపుకూ వచ్చినది. 1893లో మద్రాసులో టి. సుందరరావుగారు కాగితపు మడతలతో జ్యామితిని బోధించే గ్రంథమొకటి ఆంగ్లంలో ప్రకటించినారు. అంచులు వంకరగా ఉన్న కాగితంనుండి కేవలం మడతలతో చతురస్రాన్ని తీయడంతో మొదలుపెట్టి, త్రిభుజ పంచభుజాదులమీదుగా వక్రరేఖల వరకు వారు నడిపించినారు. జర్మను గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ ఆ గ్రంథాన్ని ప్రస్తావించినాడు. 1901లో అది చికాగోలోనూ అచ్చయినది. మడత అంటే క్రమశిక్షణ అనీ, అంచుకు అంచు కలపడం ఒక విద్య అనీ ఆ గ్రంథం చూపుతున్నది.

మన దేశంలో ఉపాధ్యాయ దినోత్సవం 1962 నుండి జరుగుతున్నది. ఆ ఏడు మే 13న రాష్ట్రపతి పదవి స్వీకరించిన సర్వేపల్లి రాధాకృష్ణగారి జన్మదినమది. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా వారు మనకు ఆప్తులు. 1921లో వారు మైసూరు విడిచి కలకత్తా వెళ్ళునపుడు, పూలతో అలంకరించిన బండికి గుర్రాలకు బదులు విద్యార్థులే పూనుకొని స్టేషను వరకు లాగిరని ప్రసిద్ధి. ఆ విద్యార్థులు ఇచ్చినది ధనం కాదు, తమ భుజాల శ్రమ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. నేడు ఉపాధ్యాయునికి జీతమున్నది. అది చాలునా చాలదా అన్నది పెద్దలు తేల్చవలసిన విషయం. పిల్లవాడు వాకిలి వాకిలి తిరిగి తేవలసిన పని మాత్రం లేదు. గురుపూజలోనుండి అవసరం తొలగిపోయినందున, కృతజ్ఞత ఒక్కటే మిగిలినది. మరి ఆ చోట వెలగల కానుకలను తెచ్చిపెట్టడం న్యాయమా? అంగడిలో కొన్న పత్రం తండ్రి సంచిని కొలుస్తుంది. ఒకరి పత్రం పెద్దదై మరొకరిది చిన్నదైతే, ఏమీ తేలేని పిల్లవాడు వెనుక బల్లమీద తల వంచుకొని కూర్చుంటాడు. ఒకే కాగితం అందరికీ ఇచ్చి ఎవరి పత్రం వారిని చేయమంటే, ఆ తరగతిలో బీదవాడు ఉండడు.

దానికి కావలసిన సామగ్రి స్వల్పం. దళసరి కాగితం ఒకటి. మిల్లు కాగితంలో పోగులు ఎక్కువగా ఒకే దిక్కుకు పరచుకొని ఉంటవి. రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే, సులువుగా వంగే దిక్కు ఏదో తెలుస్తుంది. ఆ దిక్కున బద్ద ఆనించి, సిరా అయిపోయిన కలం మొనతో గీత ఒత్తి మడిస్తే మడత చీలదు. అతకడానికి ఉడికించిన మైదాపిండి జిగురో తుమ్మబంకో చాలును. లోపలి మాటలు మాత్రం ఎవరి పుస్తకంనుండీ ఎత్తి వ్రాయరాదు. 'మీరు భిన్నాలు మళ్ళీ చెప్పినందువల్ల నాకు అర్థమైనవి' అన్న ఒక్క వాక్యం, పొగడ్తలు నిండిన పుటకంటె విలువైనది.

అందులో అక్షరదోషం ఉంటే తల్లిదండ్రులు దిద్దవద్దు. దిద్దవలసినవారి చేతికే ఆ పత్రం వెళ్ళుతున్నది. ఆ దోషాన్ని చూచి గురువుగారు చిరునవ్వు నవ్వుకొందురు గాక!