తుపాకి మీది అంకెలు

నా పూర్వవిద్యార్థి ఒకడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. గత శతాబ్దానికి ముందరి సైనికాయుధాలు సేకరించడం అతని సరదా. ఈ మధ్య 1871 నమూనా మౌజర్ రైఫిల్‌కు తగిలించే బాయ్‌నెట్ ఒకటి కొని ఫొటో పంపాడు. ఇత్తడి పిడి. పిడికి అడ్డంగా ఉన్న కమ్మీ మీద ‘84. ఆర్. 5. 77’ అనే ముద్ర. 84వ పదాతి రెజిమెంటు, 5వ కంపెనీ, 77వ ఆయుధం అని దాని అర్థం. తుపాకి భాగాలన్నిటి మీదా ఒకే అంకె ఉంటే ధర పెరుగుతుందట. “మాస్టారూ, చరిత్ర నా చేతిలోకి వచ్చింది” అని రాశాడు.

నిజంగా వచ్చింది చరిత్రేనా?

సేకరణకర్తలు చెప్పే చరిత్ర చాలావరకు యంత్రాల చరిత్ర. డ్రైసే రూపొందించిన సూది తుపాకిని ప్రష్యా 1841లో స్వీకరించింది. గొట్టానికి వెనకవైపు నుంచి తూటా పెట్టే తుపాకి కనుక సైనికుడు నేలమీద పడుకునే కాల్చగలిగాడు. 1866 జులై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర, మూతి నుంచి మందు కూరే తుపాకులున్న ఆస్ట్రియా సైన్యం ఓడిపోయింది. ఆ తరవాత మౌజర్ సోదరుల 11 మిల్లీమీటర్ల రైఫిల్. 1884లో దానికే 8 తూటాల మాగజీను. 1888లో పొగరాని మందుతో పేలే కొత్త రైఫిల్. ఇవన్నీ వాస్తవాలే. అయితే ఈ వాస్తవాల్లో మనిషి ఎక్కడ?

ఆయుధాన్ని చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి. ఎవరి మీద గురిపెట్టారు? ఎవరి చేత మోయించారు?

మొదటి ప్రశ్నకు 1848 జవాబు చెబుతుంది. ఆ ఏడు జూన్ 14న బెర్లిన్ ప్రజలు ఆయుధాగారంలోకి చొరబడ్డారు. ప్రభుత్వం రహస్యంగా దాచుకున్న సూది తుపాకులు జనం చేతికి చిక్కాయి. ఏడాది తిరక్కముందే, 1849 మే నెలలో, డ్రెస్డెన్ వీధుల్లో బారికేడ్లు కట్టిన తిరుగుబాటుదార్ల మీద ప్రష్యా సైన్యం ప్రయోగించింది ఆ తుపాకినే. పరాయి సైన్యాలను గెలవకముందే అది జర్మన్ ప్రజల మీద పేలింది.

రెండో ప్రశ్నకు జవాబు నా విద్యార్థి కొన్న బాయ్‌నెట్ మీదే ఉంది. 84వది ష్లెస్విగ్ రెజిమెంటు. 1864 యుద్ధంలో డెన్మార్క్ పోగొట్టుకున్న నేల అది. ఉత్తర ష్లెస్విగ్‌లో డేనిష్ మాట్లాడే కుటుంబాల కొడుకులు, తమ నేలను గెలుచుకున్న రాజ్యానికే నిర్బంధ సైనికులయ్యారు. తండ్రుల మీద సూది తుపాకి పేల్చిన రాజ్యం కొడుకుల భుజానికి మౌజర్ తగిలించింది. 77వ ఆయుధం ధరించినవాడు ఏ భాషలో కలలు కన్నాడో ఆ ముద్ర చెప్పదు. రాజ్యం లెక్కపెట్టుకున్నది ఇనుమునే.

సేకరించడం తప్పని నేననను. వస్తువు పోతే సాక్ష్యమూ పోతుంది. నా విద్యార్థికి జవాబు రాశాను: “అంకెలు కలిశాయో లేదో చూశావు. బాగుంది. ఈ రెండు జవాబులూ ఒక చీటీ మీద రాసి దాని పక్కన పెట్టు. అప్పుడు చరిత్ర నీ చేతిలోకి వచ్చినట్టు.”