పాఠశాల ఫుట్‌బాల్ పోటీలు (ధర్మపురి జిల్లా, తమిళనాడు)

తమిళనాడు వాయవ్య భాగంలో, హొగెనక్కల్ దగ్గర కావేరి దాటితే కర్ణాటక వచ్చే చోట ఉన్న జిల్లా ధర్మపురి. ఇక్కడి హైస్కూళ్లు, హయ్యర్ సెకండరీ బడుల ఫుట్‌బాల్ జట్లు ఏటా ఆడే పోటీలు రాష్ట్ర పాఠశాల క్రీడా వ్యవస్థలో కింది మెట్లు. మొదట జోన్, తర్వాత రెవెన్యూ జిల్లా, ఆపైన రాష్ట్రం. గెలిచిన జట్టు పై మెట్టుకు వెళ్తుంది, ఓడిన జట్టు ఆ ఏటికి ఇంటిదారి పడుతుంది. ఊరి పేరును చొక్కా మీద వేసుకుని ఆడే అవకాశం చాలామంది పల్లె పిల్లలకు ఈ పోటీల్లోనే, అదీ బడిలో చదివే నాలుగైదేళ్లలోనే దొరుకుతుంది. ధర్మపురి లాంటి జిల్లాలో ఈ ఆటకున్న బలమంతా అక్కడి నుంచే వస్తుంది. దాని బలహీనత కూడా ఈ మెట్ల అమరికలోనే ఉంది.

జిల్లా నేపథ్యం

ధర్మపురి పాత పేరు తగడూరు. సంగం కవులు కీర్తించిన అదియమాన్ నెడుమాన్ అంజి రాజధాని ఇదే. సేలం జిల్లా నుంచి విడదీసి 1965 అక్టోబరు 2న దీన్ని ప్రత్యేక జిల్లాగా ఏర్పరచారు. 2004 ఫిబ్రవరిలో ఉత్తర భాగం కృష్ణగిరి జిల్లాగా వేరుపడింది. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉన్న హోసూరు, డెంకణికోట ప్రాంతాలు అటు పోయాయి. అయినా ధర్మపురిలోనూ తెలుగు ఇళ్లకు కొదవ లేదు. జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం పేరే పాప్పిరెడ్డిపట్టి. ధర్మపురి, నల్లంపల్లి, పాలకోడు, కారిమంగళం, పెన్నాగరం, హరూరు మిగిలిన తాలూకాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో 15 లక్షల మంది ఉన్నారు. వారిలో అత్యధికులు పల్లెవాసులు.

జిల్లాకు నీటి కొరత పాత సమస్య. తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే తీవ్రత చూసి, జపాన్ ఆర్థిక సాయంతో చేపట్టిన హొగెనక్కల్ తాగునీటి పథకాన్ని 2013లో ప్రారంభించారు. తాగే నీటికే కటకటలాడే చోట మైదానంలో పచ్చిక పెంచడం పెద్ద కోరిక. అందుకే బడి ఆటస్థలం అంటే ఇక్కడ సాధారణంగా మట్టి నేలే. మట్టి మీద బంతి ఎక్కువ ఎగురుతుంది, వేగంగా జారిపోతుంది. పడితే మోకాళ్లు చెక్కుకుపోతాయి. ఇలాంటి నేల మీద ఎదిగిన జట్టు పై పోటీల్లో మొదటిసారి పచ్చిక మీద దిగినప్పుడు, బంతి పాదానికి అందే వేళ మారిపోయి కాసేపు తడబడడం సహజం. ఆ తడబాటును చూసి పిల్లల సామర్థ్యాన్ని తక్కువగా లెక్కకట్టడం అన్యాయం.

పోటీల మెట్లు

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ గణతంత్ర దినోత్సవం పేరిట, మహాకవి సుబ్రహ్మణ్య భారతి పేరిట ఏటా బడుల మధ్య క్రీడాపోటీలు జరుపుతుంది. ఆటగాళ్లను 14, 17, 19 ఏళ్ల లోపు వారిగా విడగొడతారు. దగ్గరదగ్గర బడులను కలిపి ఒక జోన్ చేస్తారు. జోన్‌లో నెగ్గిన బడి జిల్లా పోటీకి, జిల్లాలో నెగ్గిన బడి రాష్ట్ర పోటీకి వెళ్తుంది. గీత గీసినట్టు లెక్క రెవెన్యూ జిల్లాదే. కాబట్టి కృష్ణగిరి వేరుపడ్డాక ఒకప్పటి ఉమ్మడి ధర్మపురి జిల్లా నుంచి రాష్ట్ర పోటీకి ఒకటికి బదులు రెండు దారులు తెరుచుకున్నాయి.

తెలుగు రాష్ట్రాల పద్ధతి కొంచెం వేరు. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అయినా స్కూల్ గేమ్స్ ఎంపిక పోటీల ప్రకటనల్లో ఇంకా ఉమ్మడి వరంగల్, ఉమ్మడి కర్నూలు లాంటి పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. పాలనలో గీతలు మారినా ఆటలో పాత జిల్లా మీది అభిమానం అంత తొందరగా పోలేదు.

ఈ వ్యవస్థలో గమనించవలసిన తేడా ఒకటుంది. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య జాతీయ పోటీల్లో తలపడేవి రాష్ట్ర జట్లు. అంటే వేర్వేరు బడుల నుంచి ఏరిన పిల్లలు రాష్ట్రం పేరుతో ఆడతారు. బడుల అఖిల భారత పోటీ అయిన, ఢిల్లీలో జరిగే సుబ్రొతో కప్‌లో మాత్రం చివరిదాకా ఆడేది బడి జట్టే. రాష్ట్ర జట్టులో స్థానం దొరికితే ఆ పిల్లవాడికి గౌరవం. బడి జట్టు ఢిల్లీకి వెళ్తే ఊరంతటికీ గౌరవం. ప్రాంతాభిమానాన్ని నిలబెట్టడంలో రెండో పద్ధతే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇవి కాక తమిళనాడు క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీలు జరుపుతుంది. 2023 నుంచి వీటిని బాగా విస్తరించి బడులు, కళాశాలలు, దివ్యాంగులు, ప్రభుత్వోద్యోగులు, సాధారణ ప్రజలు అని ఐదు విభాగాలు చేశారు. జట్టు ఆటల్లో మొదటి స్థానం పొందినవారికి ఒక్కొక్కరికి 75,000, రెండో స్థానానికి 50,000, మూడో స్థానానికి 25,000 రూపాయలు ఇస్తారు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల ఇంట్లో ఈ మొత్తం చిన్నది కాదు. పతకాల పట్టిక జిల్లాల వారీగా వేస్తారు. 2023లోనూ 2024లోనూ చెన్నైదే అగ్రస్థానం. మైదానాలూ శిక్షకులూ ఎక్కడ పోగుపడ్డారో చెప్పడానికి ఆ పట్టిక చాలు. 2024లోనే గ్రామ పంచాయతీలకు మాజీ ముఖ్యమంత్రి కలైజ్ఞర్ కరుణానిధి పేరిట ఆట సామగ్రి పంచారు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు 3 శాతం కోటా కూడా ఉంది. బడి పోటీలో వచ్చిన ధ్రువపత్రాన్ని తల్లులు రేషన్ కార్డు పక్కన భద్రపరచడానికి కారణం ఇలాంటి ఆశలే.

సుబ్రొతో కప్

భారత వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి ఎయిర్ మార్షల్ సుబ్రొతో ముఖర్జీ. 1954 ఏప్రిల్ 1న ఆ బాధ్యత చేపట్టారు. దేశంలో ఫుట్‌బాల్ బాగుపడాలంటే బడి నుంచే మొదలుపెట్టాలని నమ్మిన మనిషి. 1960 నవంబరు 8న టోక్యోలో మరణించారు. బడుల కోసం ఆయన తలపెట్టిన అఖిల భారత పోటీ ఆ ఏటి నుంచే ఆయన పేరుతో ప్రధానంగా ఢిల్లీలో నడుస్తోంది. నిర్వహణ వైమానిక దళానిది. చిన్న బాలుర విభాగానికి మొదట 14 ఏళ్ల హద్దు ఉండేది, ఇటీవల దాన్ని 15 చేశారు. రెండో విభాగం 17 ఏళ్ల లోపు బాలురది. 2012లో 17 ఏళ్ల లోపు బాలికల విభాగం చేరింది. విదేశీ బడుల జట్లనూ పిలుస్తారు.

ఈ కప్పు చరిత్రలో ఊళ్ల కథలే ఎక్కువ ఆకట్టుకుంటాయి. హర్యానాలోని భివానీ జిల్లాలో అలఖ్‌పురా అనే పల్లె ఉంది. అక్కడి ప్రభుత్వ పాఠశాల అమ్మాయిలు 2015లోనూ 2016లోనూ కప్పు గెలిచారు. అంతకుముందు ఆ పల్లె పేరు ఆ జిల్లా దాటి పెద్దగా వినిపించి ఉండదు. దక్షిణాదిన మలప్పురంలోని ఎం.ఎస్.పి. పాఠశాల 2012లో 17 ఏళ్ల లోపు బాలుర ఫైనల్ దాకా వెళ్లి ఉక్రెయిన్ జట్టు చేతిలో ఓడింది. 2025లో కోళికోడ్ ఫారూక్ హయ్యర్ సెకండరీ స్కూల్ అదే విభాగంలో విజేత అయ్యి కేరళ కలను నెరవేర్చింది. ఈ రెండు ఫైనళ్లకు మధ్య ఉన్న 13 ఏళ్లు మలబారులో ఊరూరా ఏడుగురేసి ఆడే సెవెన్స్ పోటీలు, వాటిని చూడడానికి టికెట్ కొనే జనం, రాత్రిళ్లు వెలిగే దీపాల మధ్య గడిచాయి. ధర్మపురిలో అలాంటి నేపథ్యం లేదు. పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ రాజ్యమేలుతుంటే ఫుట్‌బాల్ బడి గోడల మధ్య పెరగవలసి వస్తోంది.

తమిళనాట అమ్మాయిల ఫుట్‌బాల్ ముందుకు దూసుకుపోయింది. రాష్ట్ర మహిళా జట్టు 2017-18లోనూ 2022-23లోనూ జాతీయ విజేత. మదురై కేంద్రంగా ఉన్న సేతు ఎఫ్.సి. 2018-19 భారత మహిళా లీగ్ గెలిచింది. భారత జట్టులో ఆడిన ఇందుమతి కదిరేశన్ కడలూరు అమ్మాయి, తమిళనాడు పోలీసు శాఖలో ఉద్యోగి. ధర్మపురి ఒకప్పుడు ఆడశిశు హత్యలకు పేరుమోసిన ప్రాంతం. వద్దనుకున్న ఆడశిశువులను ప్రభుత్వానికి అప్పగించేలా 1992లో మొదలుపెట్టిన ఊయల పథకం ఆ తర్వాత ఈ జిల్లాకూ వచ్చింది. అలాంటి నేల మీద బడి అమ్మాయిలు నిక్కరు, బూట్లు వేసుకుని మైదానంలో ఊరి పేరు మోయడం గెలుపోటములతో సంబంధం లేకుండా గొప్ప విషయం.

వ్యాయామోపాధ్యాయుడు

బడి జట్టుకు ప్రాణం పీఈటీ సారు. పుట్టినతేదీ పత్రాలు సరిచూసేది, బస్సు చార్జీలకు తిప్పలు పడేది, ఓడిన పిల్లలకు టీ తాగించి ఇంటికి చేర్చేది ఆయనే. వేళ్ల మీద లెక్కపెట్టదగిన బంతులతో మూడు వయసుల జట్లను తయారు చేసేదీ ఆయనే. పై పోటీల్లో వయసు పరీక్ష కఠినంగా ఉంటుంది. మణికట్టు ఎముకల ఎక్స్‌రే చూసి వయసు అంచనా వేస్తారు. వయసు దాచి ఆడించడం వల్ల నిజంగా 14 ఏళ్లున్న పిల్లవాడి స్థానం పోతుంది. ఆ తప్పుకు ఊరి పరువు పేరుతో సర్దిచెప్పడం తగదు.

బడి మాస్టారు దేశానికి ఏం చేయగలడో హైదరాబాద్ చూపించింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో అక్కడే పుట్టి, ఉస్మానియాలో బి.ఎ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూలుతో మొదలుపెట్టి చాదర్‌ఘాట్ హైస్కూలు దాకా ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం నెగ్గింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో జరిగిన ఆ క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మరుసటి ఏడే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో కన్నుమూశారు. కుర్రవాళ్లకు ఆయన పెట్టిన పోటీల నిబంధనలు ఇప్పటికీ ప్రతి పీఈటీ సారుకూ పనికొస్తాయి. ఒక పోటీలో బంతిని ఒకటి రెండు తాకులకు మించి తన దగ్గర ఉంచుకోకూడదు. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఇందులో ఖర్చేమీ లేదు. మట్టి నేల మీదా జరపవచ్చు.

రహీమ్ శిష్యుల్లో తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టారు. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్‌దీ హైదరాబాదే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పెరూపై గోల్ చేసిన సైమన్ సుందర్‌రాజ్ తమిళనాడు వాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ ఇంతవరకూ చేసిన చివరి గోల్ అదే. తెలుగు, తమిళ నేలల ఫుట్‌బాల్ చరిత్రను విడివిడిగా రాయడం కుదరదు.

నాకౌట్ లెక్క

16 బడుల నాకౌట్ పోటీ తీసుకుందాం. మొత్తం 15 మ్యాచ్‌లు. 8 జట్లు ఒక్క మ్యాచ్‌తో, 4 జట్లు రెండు మ్యాచ్‌లతో నిష్క్రమిస్తాయి. ఫైనల్ ఆడే రెండు జట్లకే నాలుగేసి మ్యాచ్‌లు దక్కుతాయి. డ్రా అయితే పెనాల్టీ కిక్కులతో తేలుస్తారు. అంటే ఏడాదంతా సాధన చేసిన పిల్లవాడి ఆట ఒక కిక్కు పక్కకు పోవడంతో ముగిసిపోవచ్చు. ఉత్కంఠకు ఇంతకు మించిన ఏర్పాటు లేదు. ఆటగాడు తయారవడానికి మాత్రం ఇది సరిపోదు.

పాఠశాల ఆటకు ప్రాంతాభిమానం జోడించిన దేశాలు ఈ చిక్కును ముందే గుర్తించాయి. జపాన్ హైస్కూల్ ఫుట్‌బాల్ పోటీ 1918లో మొదలైంది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రం నుంచి ఒక బడి, టోక్యో నుంచి రెండు, మొత్తం 48 జట్లు ఆడతాయి. ఏడాది చివర మొదలై జనవరిలో ముగిసే ఆ నాకౌట్‌ను దేశమంతా టీవీలో చూస్తుంది. దాన్ని అలాగే ఉంచి, ఏడాది పొడవునా మ్యాచ్‌లు దొరికేలా బడి జట్లు, క్లబ్ యువ జట్లు కలిసి ఆడే లీగ్‌లను పక్కనే నిర్మించారు. 2011 నుంచి 18 ఏళ్ల లోపు వారికి జాతీయ స్థాయి ప్రీమియర్ లీగ్ నడుస్తోంది. అమెరికాలోని టెక్సాస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే ఊళ్లు కదిలి వస్తాయి. అక్కడి ఫుట్‌బాల్ వేరే ఆట. రాష్ట్ర చాంపియన్‌షిప్ 1920 నుంచీ ఉంది. అక్కడ కూడా నాకౌట్‌కు ముందు ప్రతి బడీ సుమారు పది మ్యాచ్‌ల సీజన్ ఆడుతుంది. ప్లేఆఫ్‌కు చేరని ఊరు సైతం ఆ పది వారాలూ తన జట్టును చూసుకుంటుంది.

ధర్మపురికి కావలసింది ఇదే. జిల్లా క్రీడా మైదానంలోనూ తాలూకా కేంద్రాల్లోని పెద్ద బడుల్లోనూ 8 జట్ల లీగ్ పెడితే ఒక్కో జట్టుకు 7 మ్యాచ్‌లు వస్తాయి. మొత్తం 28 మ్యాచ్‌లు, శనివారాల్లో నాలుగేసి చొప్పున ఏడు వారాల్లో ముగుస్తాయి. జోన్, జిల్లా, రాష్ట్ర మెట్లను కదిలించనక్కర్లేదు. సుబ్రొతో కప్ దారీ అలాగే ఉంటుంది. హరూరు బడి పాలకోడుకు వెళ్లి ఆడాలి, పాలకోడు బడి హరూరుకు రావాలి, రెండు ఊళ్ల జనమూ గట్టున నిలబడి చూడాలి. విద్యాశాఖ అధికారులు, పూర్వ విద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఈ లీగ్‌ను మొదలుపెట్టాలి.