చెరకుతోటల దొర వ్రాసిన వీలునామా

శతవార్షికోత్సవ సంచిక అనగానే పూర్వికులను స్మరించుకొనడం మన ఆనవాయితీ. మిషనెరీ దొరల పేర్లు, తొలి ఉపదేశుల పేర్లు, గుడి పునాదిరాయి వేసిన తేదీలు వ్రాయడానికి మనలో సమర్థులు చాలామంది ఉన్నారు. మేము మాత్రం మరికొన్ని మెట్లు వెనుకకు దిగి, మన ప్రాంతానికి మిషనెరీలను పంపిన సొసైటీకి తన ఆస్తిని వ్రాసియిచ్చిన ఒక పాతకాలపు దొరను గూర్చి వ్రాయదలచాము. ఆయన మన దేశాన్ని చూడలేదు, మన భాష ఎరుగడు. మనకు ఆయనతో రక్తసంబంధం లేదు. అయినను మన సంఘ వంశవృక్షాన్ని వేళ్ళదాకా త్రవ్విచూస్తే ఆయన పేరు కనబడుతుంది. ఆయన పేరు క్రిస్టఫర్ కాడ్రింగ్టన్. ఊరు వెస్టిండీసులోని బార్బడోస్ దీవి. వృత్తి చెరకుతోటల యజమాన్యం.

సువార్త ప్రచారం కొరకు ఇంగ్లండులో డాక్టర్ థామస్ బ్రే పూనికతో 1701లో మూడవ విలియం రాజు శాసనం ద్వారా ఏర్పడినదే ఎస్.పి.జి. సొసైటీ. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలం నుండి కడప, కర్నూలు సీమలలో, అనగా కలసపాడు, ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాలలో, పనిచేసినది ఈ సొసైటీయే. 1912లో దోర్నకల్ అధ్యక్ష ఖండం ఏర్పడి, అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన తరువాత, ఈ తెలుగు ఎస్.పి.జి. సంఘాలు కూడ ఆయన కాపుదలలోనికి వచ్చాయి. కనుక ఈ సొసైటీ చరిత్ర మన చరిత్రలో ఒక భాగము.

మూడు తరాలు, మూడు దస్తావేజులు

తోటల దొరల వంశాన్ని వెదకేవారికి దారి చూపేవి ముఖ్యంగా రెండు రకాల కాగితాలు. ఒకటి, ప్రభుత్వం భూమిని వ్రాసియిచ్చిన పట్టాలు, కౌళ్ళు. రెండవది, చనిపోయేవారు వ్రాసిన వీలునామాలు. వలసలలో ఆస్తి సంపాదించిన ఇంగ్లీషువారి వీలునామాలు ఎన్నో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగారి కోర్టులో నమోదు అయ్యేవి. 1858 వరకు ఇదే పద్ధతి. ఆ పుస్తకాలు నేటికిని లండను దగ్గర క్యూ అనేచోట జాతీయ దస్తావేజుల భవనంలో భద్రంగా ఉన్నాయి.

కాడ్రింగ్టన్ వంశంలో వరుసగా మూడు తరాల వారికి క్రిస్టఫర్ అనే ఒకే పేరు. వెదకేవారికి మొదటి చిక్కు ఇదే. మొదటి క్రిస్టఫర్ ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైరు నుండి బార్బడోస్ చేరి, చెరకు సాగులో ముందు నడిచిన జేమ్స్ డ్రాక్స్ చెల్లెలిని వివాహమాడాడు. అంతకుముందు ఆ దీవిలో పొగాకు, ప్రత్తి పండించేవారు. 1640 తరువాత చెరకు వచ్చింది. చెరకుతో పాటు గాలిమరలతో తిరిగే గానుగలు వచ్చాయి, రసం కాచే పెద్ద పెద్ద రాగి పెనాలు వచ్చాయి, వీటన్నిటి వెనుక ఆఫ్రికా నుండి ఓడలలో బంధించి తెచ్చిన బానిసలు వచ్చారు. మన ఊళ్ళలో బెల్లం వండడం చూచినవారికి ఆ పని ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. నరికిన చెరకును ఆలస్యం చేయక గానుగ ఆడాలి, లేకపోతే రసం పులిసిపోతుంది. అందుచేత ఆ కాలమంతా రాత్రి లేదు, పగలు లేదు.

రెండవ క్రిస్టఫర్ కాలానికి ఆస్తి దీవులు దాటింది. 1674లో ఆంటిగ్వాలోని ఒక పెద్ద తోట ఆయనకు సంక్రమించింది. దానికి ఆయన కూతురి పేరుమీదుగా బెట్టీస్ హోప్ అని పేరు. 1685లో బార్బుడా దీవిని మొత్తంగా ఆయనకును, ఆయన తమ్మునికిని రాజు కౌలుకిచ్చాడు. కౌలు ఎంతయ్యా అంటే, అడిగినప్పుడు ఒక బలిసిన గొర్రె! ఒక దీవికి ఒక గొర్రె. మన వైపు నాలుగు కుంచాల మాగాణికి కూడ రైతు పంటలో సగం కొలిచిన రోజులు మన పెద్దలు చెప్పగా విన్నాము. అధికారానికి దగ్గరగా ఉన్నవారికి భూమి ఎంత చవుకగా దొరుకుతుందో ఈ ఒక్క కాగితమే చెబుతుంది. 1689లో ఆయన లీవర్డ్ దీవులకు గవర్నరు అయ్యాడు.

మూడవ క్రిస్టఫర్ 1668లో బార్బడోస్‌లోనే పుట్టాడు. ఆక్స్‌ఫర్డులో చదివి, ఆల్ సోల్స్ కళాశాలలో ఫెలో అయి, సైన్యంలో పనిచేసి, తండ్రి తరువాత అదే గవర్నరు పదవి పొందాడు. పుస్తకాలమీద మక్కువ గలవాడు. వివాహం చేసికొనలేదు. ఇంగ్లీషు పాత లెక్క ప్రకారం 1702, మన లెక్క ప్రకారం 1703 ఫిబ్రవరిలో ఆయన వ్రాసిన వీలునామాయే ఈ వ్యాసానికి మూలం. 1710 ఏప్రిల్ 7న, సరిగా శుభ శుక్రవారం నాడు, ఆయన చనిపోయాడు.

వీలునామాలో ఏమున్నది

తన పుస్తకాలను, గ్రంథాలయం నిమిత్తం 10,000 పౌండ్లను ఆల్ సోల్స్ కళాశాలకు ఇచ్చాడు. ఆంటిగ్వాలోని తోట దాయాదికి పోయింది. బార్బడోస్‌లోని సెయింట్ జాన్ పారిషులో ఉన్న రెండు చెరకుతోటలను మాత్రం ఎస్.పి.జి. సొసైటీకి వ్రాశాడు. అక్కడ ఒక విద్యాలయం కట్టాలి, అందులోని వారు సన్యాసుల వలె దీక్షతో బ్రతకాలి, దైవశాస్త్రంతో పాటు వైద్యం, శస్త్రచికిత్స కూడ నేర్చి జనుల శరీరాలకును ఆత్మలకును ఉపకారం చేయాలి అని కోరాడు. ఇంతవరకు చదివితే ఎంత మంచి మనిషి అనిపిస్తుంది. కాని అదే వీలునామాలో మరొక షరతు కలదు. తోటలను ముక్కలు చేయరాదు, వాటిమీద ఎల్లప్పుడు కనీసం 300 మంది నీగ్రోలను ఉంచాలి అని.

సువార్త ప్రకటించడానికి పుట్టిన సొసైటీ ఈ విధంగా బానిసల యజమాని అయింది. ఆ దానాన్ని వద్దనలేదు.

సొసైటీ చేతిలో తోటలు

సొసైటీ పెద్దలు లండనులో, తోటలు సముద్రం అవతల. పని నడిపించేది మేనేజర్లు. తోటల మనుష్యులను గుర్తుపట్టడానికి వారి రొమ్ముమీద కాలిన ఇనుముతో 'సొసైటీ' అనే మాటను ముద్ర వేసేవారు. కొంతకాలం తరువాత ఆ అలవాటు మానిపించారు. గొర్రెలకు, గొడ్లకు వేసే వాత మనుష్యులకు వేశారు, అదిన్నీ సువార్త సొసైటీ పేరుతో! ఈ వాక్యం వ్రాయడానికి మాకు చేయి ఆడలేదు. కాని విడిచిపెట్టడం న్యాయం కాదు.

మాట్లాడినవారు లేకపోలేదు. 1711లో బిషప్పు ఫ్లీట్‌వుడ్ సొసైటీ వార్షిక ప్రసంగంలో బానిసలకు వాక్యం నేర్పి బాప్తిస్మం ఇవ్వవలసినదే అని గట్టిగా చెప్పాడు. తోటలకు ఉపదేశకులను పంపారు కూడ. అయితే తోటలమీద చావులు ఎక్కువ, పుట్టుకలు తక్కువ. కొత్తవారిని కొన్నకొలది సంఖ్య తరుగుతూనే వచ్చింది. 1760లో ఆర్చిబిషప్పు సెక్కర్ ఈ సంగతిని తలచి వ్యసనపడి ఉత్తరం వ్రాశాడు. మనుష్యులు ఇలా తగ్గిపోతున్నారంటే ఎక్కడో అన్యాయం జరుగుతున్నదని ఆయనకు తోచింది. 1783లో బిషప్పు పోర్టియస్ సొసైటీ ఎదుట నిలువబడి, మన తోటలనైనా మాదిరిగా దిద్దుకొందామని వేడుకొన్నాడు. ఆ మరుసటి సంవత్సరం సొసైటీ కమిటీ ఆయన పథకాన్ని త్రోసిపుచ్చింది. కమిటీలు ఎట్లా పనిచేస్తాయో మనకు కొత్త కాదు. అందరు మంచివారే, తీర్మానం మాత్రం చెడ్డది.

విద్యాలయం మాటకు వస్తే, 1745లో అది పాఠశాలగా తెరువబడి, 1830లో గురువులను తయారుచేసే కళాశాల అయింది. కాడ్రింగ్టన్ కాలేజీ అనే ఆ పేరు వెస్టిండీసు సంఘాలలో ప్రసిద్ధము.

1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఎవరికి? విడుదలైన బానిసలకు కాదు, యజమానులకు. ఈ తోటలమీది 411 మందికి గాను 8,823 పౌండ్ల 8 షిల్లింగుల 9 పెన్నీలు ముట్టాయి. షిల్లింగులు, పెన్నీలు సహా లెక్క మిగిలింది. ఆ 411 మందికి మాత్రం చిల్లికాసు లేదు. పైగా 1834 నుండి 1838 వరకు పనినేర్చుకొనేవారు అనే పేరుతో అవే తోటలలో వారిచేత చాకిరి చేయించారు.

మనకేమి సంబంధం?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కాడ్రింగ్టన్ ఆస్తి బార్బడోస్ విద్యాలయం కొరకు ప్రత్యేకించిన ధర్మనిధి. ఆ చెరకు డబ్బుతో మన గుడులు కట్టారని మేము అనడం లేదు. ఇంగ్లండులో బీద విధవరాండ్రు, బడిపిల్లలు పెన్నీ పెన్నీ కూర్చి పంపిన కానుకలు కూడ మనకు వచ్చాయి. అయినను సొసైటీ ఒక్కటే. ధాత కరువు నాటి 1876–78 ప్రాంతంలో తెలుగు సీమలో ఆకలిగొన్నవారి ప్రక్క మిషనులు నిలిచిన రోజులను మనం కృతజ్ఞతతో తలచుకొంటాము. ఆ తలంపు ఎంత నిజమో, ఆ రొమ్ముమీది ముద్ర కూడ అంతే నిజము. ఒకటి చెప్పి ఒకటి దాచితే అది చరిత్ర కాదు, పొగడ్త మాత్రమే.

మరొక సంబంధం ఇంకా దగ్గరిది. ఈ పరిశోధనలో మేము గ్రహించిన సంగతి ఏమనగా, పట్టాల ద్వారా, వీలునామాల ద్వారా దొరికేది దొరల వంశమే. భూమి ఉన్నవానికే పట్టా, ఆస్తి ఉన్నవానికే వీలునామా. బానిస పేరు వీలునామాలో కనబడినా అది ఆస్తి జాబితాలోనే, పశువులకును పెనాలకును నడుమ. 1817 తరువాత బార్బడోస్‌లో తయారైన బానిసల రిజిస్టర్లలో పేరు, వయస్సు, పని వంటి వివరాలు ఉన్నవి. ఇంటిపేరు సామాన్యంగా ఉండదు.

మన తాతముత్తాతలు ఎవరు? మనలో ఎక్కువమంది మాలపల్లెలనుండి, మాదిగపల్లెలనుండి వచ్చినవారము. సెంటు భూమి లేక, దొడ్లలో జీతగాండ్రుగా ఉండి, అప్పుకు పిల్లలను పాలేర్లుగా పెట్టిన వారి సంతానము. మన వంశాన్ని ఏ పట్టాలో వెదకుదుము? ఏ వీలునామాలో చూతుము? మనలో ఎందరికో తాతగారి పేరు మొట్టమొదట సిరాతో వ్రాయబడినది గుడిలోని బాప్తిస్మపు రిజిస్టరులోనే. తేదీ, ఊరు, తండ్రి పేరు, వృత్తి, బాప్తిస్మమిచ్చిన గురువు సంతకం. ఊరిలో 'ఒరేయ్' అని పిలిపించుకొన్న మనిషికి ఆ పుస్తకంలో నిండు పేరు దొరికింది. మన పట్టా అదే. ఆ విధంగా బార్బడోస్ బానిసల సంతతివారికిని మనకును ఒక చుట్టరికం ఉన్నది. బానిసత్వం రద్దయిన తరువాత తోటల దొరలు కూలీల కొరకు మన తీరాలవైపే చూశారు. మారిషస్‌కు, 1860 నుండి నాటాల్‌కు, ఒప్పందపు కాగితంమీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు.

ఒప్పుకోలు, మరమ్మతు

2006 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘపు సాధారణ సినడు ఈ పాపంలో సంఘానికి గల పాలును ఒప్పుకొని, బానిసల సంతతివారిని క్షమాపణ కోరింది. ఆల్ సోల్స్ కళాశాల 2018లో, తోటలమీద చాకిరి చేసినవారి జ్ఞాపకార్థం తన గ్రంథాలయ ద్వారం వద్ద శిలాఫలకం పెట్టించి, 2020లో గ్రంథాలయాన్ని కాడ్రింగ్టన్ పేరుతో పిలవడం మానుకొన్నది. మన పాత సొసైటీ 1965లో యు.ఎస్.పి.జి. అనే పేరు పొందింది. 2023 సెప్టెంబరులో అది బార్బడోస్‌లోని అదే కాలేజీలో క్షమాపణ ప్రకటించి, పది పదిహేనేండ్లలో 70 లక్షల పౌండ్లు ఖర్చుచేయ సంకల్పించింది. ఆ పథకంలో సమాజాభివృద్ధి, చరిత్ర పరిశోధన, సమాధి స్థలాల గుర్తింపు, వీటితో పాటు కుటుంబాల వంశపరిశోధన కూడ ఉన్నది. ఇంతకాలం దొరల వంశాన్ని మాత్రమే చెప్పిన కాగితాలలో ఇక బానిసల మనుమలు తమ వారిని వెదకుదురు గాక.

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళిని మనం ప్రతి క్రిస్మసుకు వింటాము. దానిలో తామారు, రాహాబు, ఊరియా భార్య వీరెవరినీ దాచలేదు. ప్రభువు వంశావళి దాచనప్పుడు మన సంఘ వంశావళి దాచనేల? లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏబది యేండ్లకొకసారి సునాద సంవత్సరం నియమింపబడినది. బూర ఊదినప్పుడు భూమి అసలువారికి చేరాలి, దాసుడు తన యింటికి వెళ్ళాలి. నూరేండ్లు అంటే రెండు సునాద సంవత్సరాలు. మన ఉత్సవంలో బాణసంచాకు, పందిళ్ళకు చోటు ఉండనీయండి, ఆ బూర శబ్దానికి కూడ కొంత చోటు ఉంచుదాము.

కడపట ఒక మనవి. ప్రతి పాస్టరేటులోను పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు, సమాధుల పుస్తకాలు చెదలపాలు కాకముందే తీసి, దుమ్ము దులిపి, నకళ్ళు వ్రాయించి, ఫోటోలు తీయించి భద్రపరచవలెను. ఎనుబదియేండ్లు దాటిన పెద్దలయొద్ద కూర్చుండి వారి తాతల పేర్లు అడిగి వ్రాసికొనవలెను. దొరల దస్తావేజులు మూడు వందల యేండ్లు నిలిచాయి. మనవారి పేర్లు కూడ అంతకాలం నిలువవలెనంటే వాటిని కాపాడవలసినవారము మనమే. ఆ పనికి కావలసిన ఓర్పును, నిజము చెప్పే ధైర్యమును ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.