సాక్ష్యం: బోనులోనూ, చర్చిలోనూ

మదనపల్లెలో ‘సాక్ష్యం’ అనే మాట కోర్టు బోనులోనూ వినబడుతుంది, ఆదివారం ఆరాధనలోనూ. బోనులో ప్రమాణం చేయించి మరీ చెప్పిస్తారు. చర్చిలో పాట అయ్యాక ఎవరో లేచి, జబ్బు నయమైందనో తాగుడు మానాననో తమంతట తామే చెబుతారు.

సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. సంస్కృత మాటలో కన్ను దాగి ఉంది. సువార్త చెప్పేవాడికి ఇంతకన్నా కఠినమైన షరతు లేదేమో, చూడనిది చెప్పకూడదు! గ్రీకులో సాక్షిని ‘మార్తుస్’ అంటారు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లకూ ఆ పేరే నిలిచింది. మనవాళ్లు దాన్ని ‘హతసాక్షి’ చేశారు. ఎంత చక్కని కూర్పో.

మదనపల్లెలో సువార్తకు సాక్షిగా నిలిచినవాళ్లలో ఒకరు, ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ తరఫున ఇక్కడ పనిచేసిన జేకబ్ చేంబర్లిన్ (1835–1908). ఆయన వైద్యుడు కూడా. మందు, వాక్యం రెండూ పంచాడు. తెలుగు బైబిలు సవరణలోనూ ఆయన చెయ్యి ఉంది.

మూడు భాషలు కలిసే కుప్పం వైపు తమిళుల నోట సాక్షి అనే మాట ‘సాట్చి’, కన్నడిగులకు ‘సాక్షి’యే.

సంఘాల్లో మరో వాడుక ఉంది: సాక్ష్యం కాపాడుకోవడం. అది నడవడికి సంబంధించింది. పుంగనూరు సంతలో అప్పు ఎగ్గొట్టినవాడు ఎంత బాగా ప్రార్థించినా, ‘వాడికి మంచి సాక్ష్యం లేదు’ అనేస్తారు.