పికప్ ట్రక్కుకు లిఫ్ట్ కిట్: బిగించే ముందు, బిగించేటప్పుడు, బిగించాక

అమెరికా వచ్చిన కొత్తలో మనలో చాలామంది మొదటి కారు కామ్రీనో, అకార్డో. పిల్లలు పుట్టాక మినీవ్యాన్. ఇల్లు కొని, హోమ్ డిపో నుంచి మల్చ్ బస్తాలు, కలప మోయడం మొదలుపెట్టాక కొందరికి పికప్ ట్రక్కు మీద మనసు పడుతుంది. ట్రక్కు కొన్న ఆర్నెల్లకు "ఇంకొంచెం ఎత్తు ఉంటే బాగుండునే" అనిపిస్తుంది. ఆ ఎత్తు తెచ్చిపెట్టేదే సస్పెన్షన్ లిఫ్ట్ కిట్.

నేను చదివింది ఇంజనీరింగ్ మాస్టర్స్, చేసేది సాఫ్ట్‌వేర్. నా 2019 టొయోటా టకోమాకు ముందువైపు రెండంగుళాలు, వెనుక ఒక అంగుళం ఎత్తు పెంచే కిట్‌ను ఒక మిత్రుడి సాయంతో మా గరాజ్‌లోనే బిగించాం. కిట్ అమ్మేవాళ్ళు ఇచ్చే కాగితంలో బోల్టుల వరస ఉంటుంది కానీ, ఏది ఎందుకు చెయ్యాలో ఉండదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ఎత్తు పెంచడంలో రకాలు

1. లెవెలింగ్ కిట్: పికప్‌లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉంటుంది. వెనుక బరువు వేసినప్పుడు బండి సమంగా దిగడానికి ఈ ఏర్పాటు. ముందుభాగాన్ని మాత్రమే లేపి సమం చేసేది లెవెలింగ్ కిట్. ఇది అన్నిటికన్నా చవక.

2. సస్పెన్షన్ లిఫ్ట్: స్ప్రింగులు, షాకులు, అవసరమైతే కంట్రోల్ ఆర్మ్‌లు మార్చి మొత్తం బండిని లేపుతారు. రెండు, మూడు అంగుళాల దాకా పని సులువు. నాలుగు నుంచి ఆరు అంగుళాలంటే డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు, కొత్త నకిల్స్ కావాలి. అది శనాదివారాల్లో గరాజ్‌లో తేలే పని కాదు.

3. బాడీ లిఫ్ట్: ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెడతారు. పెద్ద టైర్లకు చోటు వస్తుంది గానీ సస్పెన్షన్ మారదు, ఛాసిస్ కింద ఖాళీ పెరగదు.

ఇంకో మాట. లిఫ్ట్ చేస్తే బండి మోసే బరువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న పరిమితి అలాగే ఉంటుంది. వెనుక ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ గుండు కూడా లిఫ్ట్‌తో ఒక్క అంగుళమైనా లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మాత్రమే.

లెక్కలు చూద్దాం

మనకు లెక్కలంటే ఇష్టం కదా! మొదటిది బోల్తా పడే లెక్క. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బండి గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్యను స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్ అంటారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. ఇచ్చే రోల్‌ఓవర్ స్టార్ రేటింగుకు ఆధారం ఇదే. ఉదాహరణకు వెడల్పు 64 అంగుళాలు, గురుత్వ కేంద్రం 28 అంగుళాల ఎత్తులో ఉంటే 32ను 28తో భాగించగా 1.14. కేంద్రం రెండంగుళాలు లేస్తే 1.07. ఆరంగుళాలు లేస్తే 0.94. చక్రాలు, ఇరుసు కిందే ఉంటాయి కాబట్టి నిజంగా కేంద్రం అంత లేవదు. అయినా సంఖ్య ఎటు పోతుందో తెలుస్తోంది కదా. ఫ్రీవేలో ఎవరో అడ్డొచ్చి స్టీరింగు ఒక్కసారిగా తిప్పాల్సి వచ్చినప్పుడు తేడా తెలిసేది ఇక్కడే.

రెండోది స్పీడోమీటర్ లెక్క. 265/65R17 టైరు వ్యాసం 30.6 అంగుళాలు. 285/70R17 అయితే 32.7. అంటే 7 శాతం ఎక్కువ. మీటరు 70 చూపిస్తుంటే మీరు నిజంగా వెళ్ళేది 75 మైళ్ళు. పోలీసు ఆపితే "మీటరు 70 చూపించింది" అన్న మాట చెల్లదు! ఓడోమీటరు కూడా అంతే శాతం తక్కువ చూపిస్తుంది. పైగా టకోమాలో ఈ సైజు టైరు తిరిగేటప్పుడు క్యాబ్ మౌంట్‌కు రాసుకుని, అక్కడ ఇనుము కోయవలసి రావచ్చు. అందుకే నేను 265/70R17 దగ్గరే ఆగాను.

మూడోది స్పేసర్ లెక్క. ముందు స్ట్రట్ పైన అంగుళం మందం స్పేసర్ పెడితే బండి సుమారు రెండంగుళాలు లేస్తుంది. స్ట్రట్ అడుగు భాగం కింది కంట్రోల్ ఆర్మ్‌కు చివర కాకుండా మధ్యలో బిగించి ఉంటుంది కాబట్టి చక్రం దగ్గర కదలిక రెట్టింపు అవుతుంది. మీటకర్ర సూత్రమే! రెండంగుళాల కిట్ తెప్పిస్తే డబ్బాలో అంగుళం ముక్క ఉందేమిటని కంగారు పడకండి.

ముందువైపు పని

మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. టకోమాల్లో డ్రైవర్ వైపు కొద్దిగా కిందికి ఒరిగి ఉండటం మామూలే. అందుకే ఆ వైపు పావు అంగుళం అదనపు స్పేసర్ అమ్ముతారు. ముందే కొలవకపోతే తేడా కిట్‌దో బండిదో తేలదు.

చదునైన కాంక్రీటు మీద బండి నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, ఛాసిస్ కింద జాక్ స్టాండ్లు పెట్టండి. జాకీని నమ్మి బండి కింద దూరకూడదు.

చక్రాలు తీశాక బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు పట్టి ఉంచే క్లిప్పులు ఊడదీయాలి. స్వే బార్ లింకులు రెండు వైపులా విప్పాలి. పై బాల్ జాయింట్ నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచి, నకిల్ పక్కన సుత్తితో కొడితే జాయింటు వదులవుతుంది. బోల్టు కొన మీద కొడితే మరలు పోతాయి. జాయింటు విడిపోయాక నకిల్‌ను తాడుతో కట్టండి. అది బయటికి వాలితే బ్రేక్ గొట్టం సాగుతుంది, సీవీ యాక్సిల్ లోపలి కీలు ఊడుతుంది.

ఇప్పుడు స్ట్రట్ కింది బోల్టు, పైన ఉన్న మూడు నట్లు తీస్తే స్ట్రట్ చేతికొస్తుంది. పైన మధ్యలో ఇంకో నట్టు ఉంటుంది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకండి! వందల పౌండ్ల బలంతో నొక్కి ఉన్న స్ప్రింగును ఆపి ఉంచేది అదే. అది విడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. కొత్త స్ప్రింగు వేయాల్సిన కిట్ అయితే ముందే కూర్చిన స్ట్రట్ తెప్పించుకోండి, లేదా ఆ ఒక్క పని షాపుకు ఇవ్వండి. నేను ముందే కూర్చినవే తెప్పించాను.

తిరిగి బిగించేటప్పుడు కాటర్ పిన్నులు కొత్తవి వాడండి. కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుషింగుల బోల్టులు వదులు చేసి ఉంటే, చక్రాలు గాలిలో ఉండగా గట్టిగా బిగించకూడదు. బండి నేల మీద తన బరువు మీద నిలిచాకే చివరి బిగింపు. లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలిక పడి ఉండి త్వరగా చిరుగుతుంది. మా మిత్రుడొకరి బండికి ఒక షాపువాళ్ళు గాలిలోనే బిగించి ఇచ్చారు. ఏడాది తిరగకుండానే కిర్రుకిర్రుమంటూ బుషింగులు పోయాయి.

వెనుకవైపు పని

ఇక్కడ ఉండేవి మన లారీల కింద కనిపించే కమాన్ పట్టీలే. విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ కట్టలు విప్పి బిగించడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎత్తు పెంచడానికి రెండు దారులు: ఇరుసుకూ పట్టీలకూ మధ్య దిమ్మ పెట్టడం, లేదా కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చడం. దిమ్మ పెడితే ప్రయాణం మెత్తదనం మారదు. పట్టీ చేరిస్తే కాస్త గట్టిపడుతుంది. దిమ్మ మీద దిమ్మ మాత్రం పేర్చకండి.

ఇరుసు కింద జాకీ ఆసరా ఉంచి, ఒక్కోవైపే విప్పండి. రెండూ ఒకేసారి విప్పితే ఇరుసు పక్కకు జరుగుతుంది. యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి కాబట్టి పాతవి మళ్ళీ వాడకూడదు. నాలుగు నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా టార్క్ రెంచ్‌తో బిగించండి. టకోమా చక్రాల నట్లకు 83 అడుగు-పౌండ్లు. మిగతావాటికి మీ సంవత్సరం సర్వీస్ మాన్యువల్ చూడండి.

బిగించాక

నట్టు బిగించగానే పని అయిపోలేదు.

* స్టీరింగును రెండువైపులా చివరిదాకా తిప్పి బ్రేక్ గొట్టాలు, ఏబీఎస్ వైర్లు సాగడం లేదని చూడండి.
* వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఎత్తు పెరిగితే కాస్టర్ తగ్గి, ఫ్రీవేలో స్టీరింగు అటూ ఇటూ పోతుంది. సరిపడా కాస్టర్ రాకపోతే పై కంట్రోల్ ఆర్మ్‌లు మార్చాలి.
* హెడ్‌లైట్లు కిందికి దించండి. మన బండి ముక్కు లేస్తే ఎదుటివాడి కళ్ళలో పడేది మన లైటే.
* 2018 మోడల్ నుంచి టకోమాల్లో అద్దం వెనుక కెమెరా, గ్రిల్‌లో రాడార్ ఉన్నాయి. ముందున్న బండిని చూసి బ్రేక్ వేసేవి ఇవే. లిఫ్ట్ తరువాత వీటి గురి సరిచూడమని డీలరును అడగండి.
* 100 మైళ్ళ తరువాత చక్రాల నట్లు, 500 మైళ్ళ తరువాత అన్ని బోల్టులు మళ్ళీ టార్క్ చూడండి.

చట్టం, వారంటీ, ఇన్సూరెన్స్

1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ మొత్తం రద్దు చేయలేదు. కానీ ఆ పార్టు వల్లే పాడయిన భాగానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. సీవీ బూటు చిరిగితే డీలరు ముందు వేలు చూపించేది మీ లిఫ్ట్‌నే. బిల్లులు, అలైన్‌మెంట్ కాగితాలు దాచుకోండి.

ఎత్తు నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ముందుభాగం లేపి వెనుక దించే ఫ్యాషన్‌ను నార్త్ కరోలినా 2021 డిసెంబరు నుంచి నిషేధించింది. అక్కడ ముందు ఫెండరు వెనుకదానికన్నా నాలుగంగుళాలు గానీ అంతకుమించి గానీ ఎత్తు ఉండకూడదు. టెక్సాస్‌లో హెడ్‌లైట్ల ఎత్తు 54 అంగుళాలు దాటకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి ముందే రాతపూర్వకంగా తెలపండి. ప్రమాదం జరిగాక చెబితే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

చివరిగా, ఎంత ఎత్తు అని నిర్ణయించేటప్పుడు ఆ బండి ఎక్కేవాళ్ళందరినీ లెక్కలోకి తీసుకోండి. ఇండియా నుంచి అమ్మ వస్తే మోకాళ్ళ నొప్పులతో ఎక్కగలదా? పిల్లాణ్ణి కార్ సీటులో కూర్చోబెట్టడానికి మీ ఆవిడకు చెయ్యి అందుతుందా? మా ఇంట్లో ఈ రెండు ప్రశ్నలే నన్ను రెండంగుళాల దగ్గర ఆపాయి. సైడ్ స్టెప్పులు కూడా అప్పుడే వేయించాను.

మీ బండి ఏ మోడలో, ఎంత ఎత్తు అనుకుంటున్నారో పత్రికకు రాయండి. తెలిసినంతవరకు తప్పక జవాబిస్తాను.